అతిథి డబ్బిస్తే... ఇల్లు ఇల్లేనా?

'సత్రం భోజనం, మఠం నిద్ర' అని ఇల్లూవాకిలీ లేకుండా తిరిగేవాణ్ని గురించి సామెత. ఆ కాలంలో సత్రంలో దిగిన బాటసారికి పైసా ఖర్చు లేదు. కట్టించిన మారాజుకు పుణ్యమే ఆదాయం. ఇప్పుడు సత్రాలు తగ్గాయి, ఊళ్లు తిరిగేవాళ్లు పెరిగారు. ఆ మధ్య ఖాళీని మామూలు ఇళ్లే పూరిస్తున్నాయి. మేడ మీది గది, పిల్లలు అమెరికా వెళ్లాక తాళం వేసి ఉంచిన వాటా, ఊరి బయట తోటలోని ఇల్లు... రాత్రికి ఇంత అని అద్దెకు వెళ్తున్నాయి.

శ్రీ సత్యసాయి జిల్లాలో ఇలాంటి ఇళ్లకు గిరాకీ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. పుట్టపర్తికి దేశవిదేశాల భక్తులు వస్తూనే ఉంటారు. 2025 నవంబరులో సత్యసాయి శత జయంతి ఉత్సవాలూ అక్కడే జరిగాయి. లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. బెంగళూరు కుర్రకారుకు శని, ఆదివారాల్లో చూసొచ్చేంత దూరమది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొరియా ఇంజినీర్లూ, విడిభాగాల కంపెనీలవాళ్లూ ఆ దారినే తిరుగుతున్నారు. ధర్మవరం పట్టుచీరల కోసం పెళ్లివారు రానే వస్తారు. వీటన్నిటి నడుమ పెన్న ఒడ్డున ఉంది రొద్దం.

ఆ రొద్దంలో ఒకాయనకు మేడ మీద మూడు గదులు ఖాళీగా ఉన్నాయనుకోండి. ఒక్కో గదికి రాత్రికి 1200 రూపాయలని ఫోన్‌లో ప్రకటన పెడదామని ఆయన ఆలోచన. "మన ఇల్లు, మన ఇష్టం. ఎవర్నడగాలప్పా?" అంటాడు స్నేహితుడు. "రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్తారు?" అంటుంది ఇల్లాలు. ఆవిడ ప్రశ్నే సరైన ప్రశ్న. ఎందుకంటే దీనికంతటికీ కలిపి ఒకే లైసెన్సు అంటూ లేదు. కరెంటువాళ్లు ఒకటి అడుగుతారు, పంచాయతీ ఒకటి, పోలీసులు ఒకటి, పన్నులవాళ్లు ఇంకొకటి. ఎవరి నిర్వచనం వారిది. ఒకచోట 'ఇల్లు' అయినది ఇంకోచోట 'వ్యాపారం' అవుతుంది.

అద్దె వేరు, బస వేరు

టీచరుగారి కుటుంబానికి నెలకింతని వాటా ఇస్తే అది అద్దె. వాళ్లు అక్కడ కాపురం ఉంటారు. అదే వాటాను ఇవాళ ఒకరికి, ఎల్లుండి ఇంకొకరికి దుప్పట్లు మార్చి, గదులు ఊడ్చి, తువ్వాళ్లిచ్చి ఇస్తే అది బస. గోడలు అవే, తలుపులు అవే. కానీ చట్టం కళ్లకు రెండూ ఒకటి కావు.

జీఎస్టీలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నివాసం కోసం కుటుంబానికి ఇల్లు అద్దెకిస్తే జీఎస్టీ లేదు. హాస్టళ్ల వంటి వసతికి కూడా 2024 జులై నుంచి ఒక వెసులుబాటు ఇచ్చారు. మనిషికి నెలకు 20 వేలు మించకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉంటే పన్ను పడదు. రెండు రాత్రుల అతిథికి ఆ మినహాయింపు వర్తించదు. ఒకప్పుడు రోజుకు 1000 రూపాయల లోపు గదులకు జీఎస్టీ ఉండేది కాదు. 2022 జులై 18 నుంచి ఆ మినహాయింపును ఎత్తేశారు. అయితే నమోదైన ధార్మిక ట్రస్టులు గుడి, ఆశ్రమాల ఆవరణల్లో 1000 రూపాయల లోపు ఇచ్చే గదులకు మాత్రం మినహాయింపు ఉంది. ఆశ్రమం లోపలి గదికీ, ప్రహరీ అవతల ప్రైవేటు ఫ్లాటుకూ పన్ను ఒకేలా ఉండకపోవడానికి కారణం అదే.

ఆదాయపు పన్నులోనూ అంతే. నెలవారీ అద్దెను ఇంటి ఆదాయంగా చూపిస్తే ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతాన్ని మరమ్మతులూ వగైరాల కింద లెక్కలు అడక్కుండానే తగ్గిస్తారు. రోజువారీ బస, దాంతోపాటు సేవలు అయితే అది వ్యాపార ఆదాయం వైపు వెళ్తుంది. అక్కడ గంపగుత్త 30 శాతం లేదు. చాకలి ఖర్చు, కరెంటు, పనిమనిషి జీతం... అసలు ఖర్చులు రసీదులతో చూపించుకోవాలి. చిత్తు పుస్తకమైనా రాయనివాళ్లు నష్టపోయేది ఇక్కడే.

మీటరు ఊరుకోదు

కొత్తగా గదులిచ్చేవాళ్లు జీఎస్టీ అంటే జడుసుకుంటారు, కరెంటు మీటరును పట్టించుకోరు. నిజానికి చిన్న ఇంటివాణ్ని ముందు పట్టుకునేది ఆ మీటరే.

ఈ జిల్లాకు కరెంటు ఇచ్చేది దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఇళ్లకు ఒక కేటగిరీ, వ్యాపారాలకు ఇంకో కేటగిరీ. ఇంటి వాడకానికని తీసుకున్న కనెక్షన్‌ను వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అది 'అనధికార వినియోగం'. తీగకు కొక్కెం వేసినట్టు దొంగతనం కాదు, బిల్లు ప్రతి నెలా కడుతూనే ఉండొచ్చు. అయినా తప్పు తప్పే. ఎప్పట్నుంచి అలా వాడుతున్నారో తేలితే అప్పట్నుంచీ, తేలకపోతే వెనక్కి 12 నెలలకూ లెక్కగట్టి, వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేస్తారు. అప్పీలుకు 30 రోజుల గడువుంది కానీ వేసిన మొత్తంలో సగం ముందే కట్టాలి. మూడు గదుల్లో మూడు ఏసీలు పెట్టినవాళ్లకు ఎండాకాలం లెక్క ఎంతవుతుందో వాళ్లే ఊహించుకోవచ్చు.

దీనికి మందు చాలా చవక. మేడ మీది వాటాకు వేరే మీటరు పెట్టించుకోవడం, గదులు బసకు ఇస్తున్నామని, ఏ కేటగిరీ వర్తిస్తుందో చెప్పమని సెక్షన్ ఆఫీసుకు రాసిచ్చి రసీదు తీసుకోవడం. నోటిమాటగా లైన్‌మన్‌తో చెప్పి ఊరుకుంటే రేపు తనిఖీకి వచ్చే ఆఫీసరుకు ఆ మాట వినపడదు.

ఇంటి పన్ను ఎవరికి?

రొద్దం, లేపాక్షి పంచాయతీలు. పెనుకొండ 2020లో నగర పంచాయతీ అయింది. హిందూపురం, ధర్మవరం, పుట్టపర్తి మున్సిపాలిటీలు. కాబట్టి పాతిక కిలోమీటర్ల తేడాలో ఇంటి పన్ను లెక్కే మారిపోతుంది.

పంచాయతీల్లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద ఇంటి పన్ను వేస్తారు. పట్టణాల్లో 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను తెచ్చారు. ఆ సవరణ ప్రకారం నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు నిర్ణయించుకోవచ్చు. పై హద్దులు పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగింతలు! ఇల్లు మొత్తం లాడ్జిలా నడుపుతూ నివాసం అని రాయించుకున్నవారు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. లాడ్జి స్థాయికి చేరితే ట్రేడ్ లైసెన్సు కూడా కావాలి.

ఇందులో ఊరి కోణం కూడా ఉంది. పంచాయతీకి సొంతంగా వచ్చే ఆదాయంలో ఇంటి పన్నే ముఖ్యం. అతిథులు వాడే నీళ్లు ఊరి ట్యాంకువే. వాళ్లు పారేసే సీసాలు ఊరి కాలువలోకే. నలుగురుండే ఇంట్లో పదిమంది స్నానాలు చేస్తే పక్కింటి కుళాయి సన్నబడుతుంది. అనంతపురం సీమలో నీటి విలువ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆదాయం ఒకరికీ ఇబ్బంది అందరికీ అయితే గొడవ మొదలయ్యేది అధికారులతో కాదు, ఇరుగుపొరుగుతోనే.

పేరు రాసుకోవడం మర్యాదే

'పేరూ ఊరూ అడిగితే అతిథి ఏమనుకుంటారో' అని మొహమాటపడేవాళ్లు ఉన్నారు. బస ఇచ్చేవాడు వివరాలు ఉంచాలన్నది ఈనాటి మాట కాదు. 1867లోనే బ్రిటిషు ప్రభుత్వం సరాయిల చట్టం చేసి, బాటసారులు దిగే ఇళ్లను జిల్లా మేజిస్ట్రేటు దగ్గర నమోదు చేయించాలంది. అక్కడ ఎవరికైనా అంటువ్యాధి సోకితే దగ్గర్లోని పోలీసుస్టేషనుకు వెంటనే కబురు చేయాలని కూడా అందులో ఉంది.

ఈ ప్రాంతంలో విదేశీ అతిథుల సంగతి మరీ ముఖ్యం. పుట్టపర్తిలో గదులిచ్చేవాళ్లకు 'సి ఫారం' అన్న మాట బాగా తెలుసు. విదేశీయుడు దిగిన 24 గంటల్లోగా పాస్‌పోర్టు, వీసా వివరాలు అధికారులకు పంపాలి. కియా వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల ఇళ్లవాళ్లకూ ఈ అవసరం వచ్చింది. 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టంతో సహా నాలుగు పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వలసలు, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. ఫారాల పేర్లు మారినా బాధ్యత మారలేదు. వసతి ఇచ్చినవాళ్లే ఆన్‌లైన్‌లో సమాచారం పంపాలి. 'ఏజెంటు పంపుతాడనుకున్నాం', 'కంపెనీవాళ్లు చూసుకుంటారనుకున్నాం' అంటే కుదరదు.

మనవాళ్లే వచ్చినా రిజిస్టరు ఉండాల్సిందే. పేరు, ఎక్కణ్నుంచి వచ్చారు, ఎంతమంది, ఎప్పుడు దిగారు, ఎప్పుడు వెళ్లారు, ఫోన్ నంబరు, సంతకం. గుర్తింపు కార్డు ఒక్కరిదే కాదు, పెద్దవాళ్లందరిదీ చూడాలి. ఆధార్ కాపీ కావాలంటే చివరి నాలుగంకెలే కనిపించేది చాలు. గదిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంటివాళ్లకు కబురు చేయడానికైనా, ఏదైనా పోతే పోలీసులకు చెప్పడానికైనా ఆ ఒక్క పేజీయే ఆధారం.

జీఎస్టీ భయం ఎంతవరకు?

రొద్దం ఇంటాయన లెక్క చూద్దాం. మూడు గదులు, రాత్రికి 1200 చొప్పున. ఏడాదిలో 365 రోజులూ ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకుండా నిండినా వచ్చేది 13 లక్షల 14 వేలు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు 20 లక్షలు. కాబట్టి నేరుగా వచ్చే అతిథులకే ఇస్తే, ఆయనకు వేరే వ్యాపారం లేకపోతే, జీఎస్టీ నంబరు అక్కర్లేదు. నంబరు లేనివాడు అతిథి దగ్గర జీఎస్టీ పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదు. అతిథులూ ఇది గమనించాలి. బిల్లులో పన్ను వేస్తే నంబరు కూడా ఉండాలి.

ఫోన్ యాప్ ద్వారా బుకింగ్ వస్తే దారి వేరు. ఇంటాయనకు రిజిస్ట్రేషన్ అవసరం లేకపోయినా, ఆ పన్నును యాప్ కంపెనీయే వసూలు చేసి కట్టాలి. రోజుకు 7500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. అంటే 1200 గదికి 60 రూపాయలు. 7500 దాటితే 18 శాతం. ఎనిమిది వేల తోట బంగళాకు 1440 రూపాయలు.

అసలు మెలిక ఇంకోటి ఉంది. 20 లక్షల హద్దు ఒక్క గదులకే కాదు, ఆ మనిషి పాన్ నంబరు మీద జరిగే వ్యాపారం మొత్తానికి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు హద్దు 40 లక్షలు. ధర్మవరంలో ఏడాదికి 30 లక్షల చీరలమ్మే చిన్న వ్యాపారి ఈ లెక్కన రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తున్నాడనుకోండి. ఆయన తన పేరు మీదే రెండు గదులు రాత్రి బసకు ఇవ్వడం మొదలుపెడితే 'సరుకులు మాత్రమే' అన్న మాట పోతుంది. 40 లక్షల సదుపాయమూ పోతుంది. గదుల మీద వచ్చేది లక్షే కావచ్చు, పన్ను మాత్రం చీరల కొట్టుదాకా వచ్చి కూర్చుంటుంది. గదులు తెరిచే ముందు ఆడిటరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

వంటగది, గ్యాస్ బండ

కాఫీ టిఫిన్లతో మొదలై రాగిసంగటి, శనక్కాయల చట్నీ దాకా వెళ్లే ఇళ్లున్నాయి. ఆ వంట చేసేది ఇల్లాలే. ఆ శ్రమకు లెక్క కట్టనివాళ్లే ఎక్కువ. డబ్బు తీసుకుని వండి పెడితే ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి. చిన్న స్థాయివాళ్లకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, మామూలు రిజిస్ట్రేషన్ చాలు. ఇంటికిచ్చే 14.2 కిలోల గ్యాస్ బండ మీద వ్యాపారపు వంట చేయకూడదు. అందుకు 19 కిలోల బండ వేరే ఉంది. ఇది ధర తేడా ఒక్కటే కాదు. ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్లు ముందు అడిగేది ఏ బండ, దేనికి వాడారు అనే.

లేపాక్షిలో వంద మీటర్లు

గిరాకీ చూసి ఇంకో అంతస్తు లేపుదామనుకునేవాళ్లకు లేపాక్షిలో అదనపు నిబంధన ఉంది. వీరభద్రాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. అక్కణ్నుంచి ఇంకో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతితోనే కట్టాలి. మరమ్మతులకూ అనుమతి కావాలి. పంచాయతీ ప్లాను ఇచ్చినంత మాత్రాన సరిపోదు. గుడి గోపురం కనిపించేంత దగ్గర అని ప్రకటన ఇచ్చేముందు ఎన్ని మీటర్ల దగ్గరో టేపు పట్టి చూసుకోవడం మంచిది.

హోమ్‌స్టే బోర్డు ఎవరికి?

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదులు, పన్నెండు పడకల వరకు ఉన్న ఇళ్లకు గోల్డ్, సిల్వర్ అని గుర్తింపు ఇస్తారు. ముఖ్యమైన షరతు ఏమిటంటే, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. రొద్దం ఇంటాయన అందుకు పనికొస్తాడు. పుట్టపర్తిలో ఫ్లాటు కొని, తాళాలు వాచ్‌మన్ చేతికిచ్చి వేరే దేశంలో ఉంటున్నాయన పనికిరాడు. రాష్ట్రం కూడా 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పారిశ్రామిక హోదా ఇచ్చింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ప్రకటించారు. బ్యాంకుకు వెళ్లేవాళ్ల చేతిలో గుర్తింపు కాగితం ఉంటే మాట చెల్లుతుంది. అయితే ఆ కాగితం ఒక్కటే మీటరుకూ, ఇంటి పన్నుకూ, విదేశీయుల వివరాలకూ జవాబు కాదు.

యజమాని ఇంట్లో ఉండాలన్న షరతు మనదగ్గరే కాదు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు బస ఇవ్వాలంటే నగరంలో నమోదు చేసుకోవాలి, ఇంటివాళ్లు ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. జపాన్ 2018లో ఏడాదికి 180 రోజుల హద్దు పెట్టింది. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా ఇల్లు మొత్తం ఇవ్వదలిస్తే ఏడాదికి 90 రాత్రులే. బార్సిలోనా అయితే పదివేలకు పైగా పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరుకల్లా ఆపేస్తామని 2024లో ప్రకటించింది. ఊళ్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అద్దె ఇళ్లు దొరక్కుండా పోవడమే అక్కడి బాధ. నాలుగు రాత్రుల్లో నెల అద్దె వస్తుందంటే టీచరుగారికి వాటా ఎవరిస్తారు? పెనుకొండకైనా, పుట్టపర్తికైనా ఆ ప్రశ్న రేపు రాకపోదు.

ఇక్కడి ఇబ్బంది ప్రస్తుతానికి దానికి పూర్తిగా తిరగేసింది. ఆరు గదుల లోపు ఇల్లాలూ ఇంటాయనా నడుపుకునే బసకు కూడా నాలుగైదు ఆఫీసుల గడపలు తొక్కక తప్పదు. అంత తిరగలేక చాలామంది ఏదీ చేయకుండా ఊరుకుంటారు. ఎవరో ఫిర్యాదు చేసిననాడు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పంచాయతీ ఆఫీసులోనో, సచివాలయంలోనో ఒకే దరఖాస్తు తీసుకుని కరెంటు, పన్ను, ఆహారం, పోలీసు విభాగాలకు వాళ్లే పంపితే సర్కారుకు పన్నూ వస్తుంది, పంచాయతీకి ఏ ఇంట్లో ఎంతమంది దిగుతున్నారో లెక్కా తెలుస్తుంది. పెద్ద హోటలుకు పనులు చూసుకోవడానికి మనుషులుంటారు. రొద్దం ఇంటాయనకు ఉన్నది బస్సు చార్జీలూ, ఓపికా మాత్రమే.

అంతవరకు చేయగలిగింది వరసగా చేసుకుపోవడమే. ముందు సెక్షన్ ఆఫీసులో మీటరు దరఖాస్తు. తర్వాత పంచాయతీ కార్యదర్శికి ఒక ఉత్తరం. పోలీసుస్టేషనులో ఒక మాట, చేతిలో ఒక రిజిస్టరు. విదేశీయులు వచ్చే అవకాశం ఉంటే ఆన్‌లైన్‌లో ముందుగానే ఖాతా. వేరే వ్యాపారం ఉంటే ఆడిటరు సలహా. ఇవన్నీ అయ్యాక కొత్త పరుపులు కొనొచ్చు. పరుపులు ముందు కొని ఇవన్నీ తర్వాత చూద్దామనుకుంటేనే పేచీ.